హాజరు పట్టీలో పుట్టిన ఊరు

విజయవాడ నుంచి చెన్నై వెళ్లే రైలు బాపట్ల దాటి చీరాల చేరేలోపు స్టూవర్టుపురం అనే చిన్న స్టేషన్ వస్తుంది. చాలా రైళ్లు అక్కడ ఆగవు. అయినా ఆ పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. 1991లో వచ్చిన ‘స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్’ నుంచి 2023 నాటి ‘టైగర్ నాగేశ్వరరావు’ దాకా సినిమాలు ఆ ఊరి పేరు చెప్పగానే దొంగలే గుర్తొచ్చేలా చేశాయి. అసలు ఆ ఊరు పుట్టిందే ఒక చట్టం వల్ల అన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఆ చట్టం తర్వాత ఆ ఊరికి చేర్చింది ఎరుకలవారిని. దానికి ముందు వాళ్లలో చాలామంది తిరుగుడు వర్తకులు. కోస్తాలోని ఉప్పు కొటార్ల దగ్గర సరుకు కొని, గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని మెట్ట ఊళ్లకు పోయేవారు. అక్కడ ఉప్పు కొలిచిచ్చి ధాన్యం కొలిపించుకునేవారు. ఆడవాళ్లు దారి పొడవునా వెదురుతో, ఈతాకుతో తట్టలూ బుట్టలూ అల్లి అమ్మేవారు, ఎరుక చెప్పేవారు. బండి బాట లేని ఊళ్లకు ఉప్పు చేరాలంటే వీళ్లే దిక్కు.

ఆ బతుకు కొద్ది దశాబ్దాల్లోనే తలకిందులైంది. రైలు వచ్చి సరుకు రవాణాను లాగేసుకుంది. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. వెదురు, పశువుల మేత అటవీ శాఖ చేతిలోకి పోయాయి. 1876–78 కరువు మిగిలిన ఆసరాను కూడా ఊడ్చేసింది. కొందరు దొంగతనాలకు దిగారు. అందుకు మొత్తం జాతే బోనెక్కాల్సి వచ్చింది.

నేరస్థ జాతుల చట్టం 1871లో ముందుగా ఉత్తరాదిన అమలైంది. మద్రాసు రాష్ట్రానికి వచ్చింది 1911 చట్టంతో. ఏ తెగనైనా నేరస్థ తెగ అని ప్రభుత్వం ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటన చెల్లుతుందా లేదా అని అడిగే అధికారం ఏ కోర్టుకూ లేదు. సాక్షుల పని లేదు, విచారణ లేదు. రిజిస్టరులో పేరు ఎక్కేది, వేలిముద్రలు పడేవి. ఆ తర్వాత మనిషి ఎక్కడున్నాడో, ఎక్కడికి పోతున్నాడో లెక్క చెప్పుకుంటూ, హాజరు వేయించుకుంటూ ఉండాలి. పక్క ఊళ్లో చుట్టాలింటికి పెళ్లికి పోవాలన్నా ముందు పాసు తీసుకోవాలి. హాజరు వేళకు లేకపోతే అదే నేరం, దానికి జైలు. దొంగతనం ఎప్పుడూ చేయనివాడు కూడా ఈ లెక్కన శిక్షపడ్డ ఖైదీ అయ్యేవాడు. అలా ఆ తెగలో నేరస్థుల సంఖ్య పెరిగేది, పెరిగిన సంఖ్యే చట్టానికి సమర్థన అయ్యేది.

ఇలా పేరెక్కినవారిని ఒకచోట చేర్చి ఉంచేందుకు ఆ చట్టమే సెటిల్‌మెంట్లకు వీలు కల్పించింది. నడిపే బాధ్యతను ప్రభుత్వం ఎక్కువగా మిషనరీలకు అప్పగించింది. బాపట్ల దగ్గరి సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ, అంటే రక్షణ సైన్యం, చేపట్టింది. దానికి మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. కృష్ణ ఒడ్డున సీతానగరం కూడా రక్షణ సైన్యానిదే. కావలి వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో మరొకటి వెలిసింది.

రక్షణ సైన్యాన్ని భారతదేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఐసీఎస్ ఉద్యోగం వదిలి వచ్చినవాడు. నేరాన్ని రోగంలా కుదర్చవచ్చని నమ్మి, ‘క్రిమినోక్యూరాలజీ’ పేరుతో పుస్తకం రాశాడు. ఆయన మందు పని, ప్రార్థన, బడి. స్టూవర్టుపురంలో సేద్యానికి ఇచ్చిన భూమి అందరి కడుపూ నింపలేదు. దగ్గర్లోనే చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి కూలీలు కావాలి. సెటిల్‌మెంటు జనం అక్కడికి పనికి వెళ్లారు. చెప్పకుండా ఊరు దాటలేని కూలీలకంటే ఏ కంపెనీకైనా కావలసిందేముంది? పిల్లలకు చదువు దొరికిన మాట నిజమే. తల్లిదండ్రుల నుంచి పిల్లలను విడదీసే అధికారం అదే చట్టం ఇచ్చిందన్నదీ నిజమే.

1936లో నెల్లూరు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. పుట్టుకతో ఏ తెగా నేరస్థ తెగ కాదన్నారు. యానాదుల కోసం, ఎరుకలవారి కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యదీ ఆ నెల్లూరే. మద్రాసు రాష్ట్రం 1947లో చట్టాన్ని రద్దు చేసింది. తిరుచానూరులో పుట్టి తర్వాత లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949–50లో కేంద్రం వేసిన కమిటీ, దేశమంతటా రద్దు చేయాలంది. 1952 ఆగస్టు 31న అది జరిగింది. కానీ మద్రాసులో 1948లోనే అలవాటుపడిన నేరస్థుల చట్టం వచ్చి కూర్చుంది. తెగ పేరు పోయింది, పోలీసు నిఘా మిగిలింది. ఆంధ్రప్రదేశ్ 1962లో అలాంటి చట్టమే చేసుకుంది.

స్టూవర్టుపురాన్ని మరో దారిలో పలకరించినవారు 1970ల్లో వచ్చారు. మహాకవి గుర్రం జాషువా కూతురు హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకైన ఆమె భర్త లవణం. వినోబా భావే పాదయాత్రల్లో నడిచిన దంపతులు వీళ్లు. చంబల్ లోయలో బందిపోట్లు 1960లో వినోబా ముందు, 1972లో జయప్రకాశ్ నారాయణ్ ముందు ఆయుధాలు దించడం దేశం చూసింది. మనుషులు మారతారన్న ఆ నమ్మకంతోనే హేమలత, లవణం స్టూవర్టుపురంలోనూ, నెల్లూరు జిల్లా కప్పరాళ్లతిప్పలోనూ ఇళ్లకు వెళ్లి కూర్చుని మాట్లాడారు. పాత పని మానేస్తామన్నవారికి బతుకుతెరువు చూపడం సర్కారు బాధ్యతని వాదించారు. రక్షణ సైన్యం జనాన్ని గీత దాటకుండా ఉంచి మార్చాలని చూస్తే, వీళ్లు మార్పును వాళ్ల ఇష్టానికే వదిలారు.

చట్టం పోయి ఏడు దశాబ్దాలు దాటినా దాని భాష కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనల్లో అలాగే ఉండిపోయింది. సంచార, నేరస్థ తెగల ఖైదీలంటూ వేరుగా చూసే ఆ నిబంధనలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టేసింది. ఈ వర్గాలవారిని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులకూ చెప్పింది. సినిమావాళ్లకు, పత్రికలవాళ్లకు అలాంటి ఆదేశం ఏదీ లేదు. ఊరి పేరుతో మనిషిని అనుమానించే అలవాటును వాళ్లూ, వాళ్లవి చూసే, చదివే మనమూ స్వయంగా మానుకోవాలి.