కల్దార్ల నాటి కడియాలు

దగ్గరికి జరుగు బిడ్డా. నెగడికి వీపు పెట్టి కూసుంటే ముచ్చట చెవికెక్కదు. నీ పట్టగొలుసులు నల్లబడ్డయని అంగట్ల మార్చుకొస్తనంటున్నవట! ఆగు, తొందరేమున్నది? ఆ నలుపు ఎక్కడిదో ముందు విను.

మనది చందా. కాగితాల మీద చంద్రపూర్ అయ్యింది గని మా నోటికి చందాయే. చుట్టూ బొగ్గు గనులు. మా కాలంల ఇంటింటికి సిగిడీ, సిగిడీల గని బొగ్గు. పొద్దున రాజేస్తే వాడకట్టంత పొగ. బొగ్గుల గంధకముంటది. ఆ గంధకపు గాలి తగిలితే వెండి మీద సన్నటి నల్లపొర కడతది. కోడిగుడ్ల పక్కన, ఉల్లిగడ్డల పక్కన పెట్టినా అంతే. ఇది తెల్వక మా ఆడోళ్లు మట్టెలు నల్లబడంగనే దిష్టి తగిలిందని మిరపకాయలు దిగదీసి సిగిడీల పారేసేటోళ్లు. ఇల్లంత దగ్గే!

వెండంటే అప్పట్ల రూపాయే. వార్ధా నది ఆవల రాజురా 1956 దాక హైదరాబాద్ రాష్ట్రంల, ఆదిలాబాద్ జిల్లా కింద ఉండె. ఆడ చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా నడిచేది. ఈవల చందాల, బల్లార్‌పూర్‌ల అంగ్రేజోళ్ల కల్దారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు లెక్క. నది దాటి పెండ్లికి పోతే కట్నం చదివించేటప్పుడు ఏ రూపాయో అడిగి మరీ రాసుకునేటోళ్లని మా నాయన చెప్పేది. కల్దారు సరిగ్గ తులం తూగేది. పన్నెండు పాళ్లల్ల పదకొండు పాళ్లు వెండి. అందుకే అవుసలాయన తక్కెట్ల రూపాయలే తూకం రాళ్లు. కడియాలు కావాల్నంటే మూట విప్పి రూపాయలిచ్చుడు, ఆయన కరిగించుడు. 1940ల సర్కారు రూపాయిల వెండిని సగానికి దించింది, 1947 వచ్చేసరికి నికెల్ రూపాయే చేతికిచ్చింది. ఇగ పాత కల్దార్లు బయట తిరుగుతయా? కుండల్ల, గోడ సందుల్ల దాక్కున్నయి.

ఎక్కడో మొదలువెట్టి ఎక్కడికో పోయిన. కడుగుడు ముచ్చటకొస్త. చైత్రంల మహాకాళి జాతరకు తెలంగాణ చుట్టాలొచ్చేటోళ్లు. వాళ్లొచ్చే ముందు ఇంట్ల వెండంత బయటికి తీసుడే. నానబెట్టి పిసికిన కుంకుడుకాయల నీళ్లు, గుడ్డల జల్లించిన పిడకల బూడిద, మెత్తటి పాత ధోతి ముక్క. ఇంకేం అక్కర లేకుండె. వాడకట్టుల ఒక కొత్త కోడలు తళతళలాడాల్నని ఇటుక పొడితోని తోమి, అత్త కుంకుమ భరిణె మీది లతలన్నీ చెరిపేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుడంటే అదే. నీ పండ్ల పేస్టు కూడ గీతలు పెడతది. గట్టిగ తోమినప్పుడల్లా నలుపుతోని పాటు ఇంత వెండి కూడ పోతది.

నీ పట్టగొలుసులకైతే ఇంకో ఉపాయమున్నది. అల్యూమినియం గిన్నెల మసిలే నీళ్లు పోసి, చెంచెడు తినే సోడా వెయ్యి. గొలుసులు గిన్నె అడుగుకు తాకాలె. గంధకం వెండిని విడిచి అల్యూమినియాన్ని పట్టుకుంటది. మురిగిన గుడ్డు వాసన కొంచెం వస్తది, జంకకు. ఆ నలుపుల ఉన్న వెండి మళ్ల వెండే అయితది, తరుగు లేదు. తీసి కడిగి, తడి లేకుంట తుడిచి తొడుక్కో. రోజూ ఒంటి మీదుండే వెండి పెట్టెల వెండంత నల్లబడదు. దాసుకోవాల్నంటే పాత నూలు గుడ్డల చుట్టు. రబ్బరు బ్యాండు మాత్రం వెయ్యకు, దాంట్ల కూడ గంధకమే.

మీ అమ్మమ్మ కడియాలు మాత్రం ఆ గిన్నెల పడెయ్యకు బిడ్డా. అవి బోలు కడియాలు, లోపల లక్క నింపిండ్రు. వేడి తగిలితే లక్క కరిగి కారుతది, కడియం సొట్టపోతది. వాటికి చల్లటి కుంకుడు నీళ్లు చాలు.