తాతగారి ఎయిర్‌గన్ గొట్టం

పోయిన వేసవిలో అటక సర్దుతుంటే గోనెపట్టాలో చుట్టిన ఎయిర్‌గన్ ఒకటి బయటపడింది. మా తాతగారిది. మామిడితోటలో రేకు డబ్బా వేలాడగట్టి, దాని మీద పేల్చి కోతుల్ని తరిమేవారట. ఇంట్లో అందరూ దాన్ని మనిషిని పిలిచినట్టు 'డయానా' అనేవాళ్ళు. ఆ పేరు రోమన్ల వేటదేవతది. జర్మనీలోని రాష్టాట్ ఊళ్ళో 1890లో మొదలైన మేయర్ అండ్ గ్రామెల్‌స్పాచర్ కంపెనీ తన తుపాకులకి పెట్టుకుంది. రెండో ప్రపంచయుద్ధం తరవాత ఆ కంపెనీ యంత్రాలు స్కాట్లండ్ చేరాయి, అక్కడ మిల్‌బ్రో వాళ్ళూ అదే పేరుతో తుపాకులు చేశారు. అందుకని పాత డయానా కనబడితే ముందు దేశం పేరు చదవాలి. మాది జర్మనీదే.

ఇది గొట్టం వంచి బిగించే రకం. గొట్టం కిందికి వంచితే లోపల స్ప్రింగు ముడుచుకుంటుంది, అంటే గుండు పోయే దారీ గొట్టమే, మీటా గొట్టమే. దాని వెనక కొస బ్రీచ్ బ్లాక్ అనే ఉక్కు దిమ్మలో కూర్చుంటుంది. దిమ్మకి అడ్డంగా ఇరుసు బోల్టు. విప్పాలంటే లోపల గుండు లేదని, స్ప్రింగు సడలి ఉందని చూసుకుని, చెక్క వేరుచేసి, బోల్టూ మీటకడ్డీ విడదీయాలి. గొట్టం దిమ్మతో సహా వచ్చేస్తుంది. అంతవరకు సులువే.

దిమ్మలోంచి గొట్టం ఊడదీయడమే కష్టం. ఇలాంటివాటిలో చాలావాటికి అక్కడ మరలుండవు. గొట్టాన్ని బిగుతుగా నొక్కి కూర్చోబెడతారు, కొన్నింటికి అడ్డంగా పిన్ను కూడా కొడతారు. తీయాలంటే ప్రెస్సులో తిన్నగా నెట్టాలి. ఇది తెలియక మేము మొదట ఇచ్చిన పట్టరైలో పైపు రెంచి పెట్టి తిప్పేశారు. (లేత్ షాపుని మేము అరవంలో లాగే పట్టరై అంటాం, ఏంచేస్తాం.) గొట్టం ఊడలేదు కానీ రెంచి పళ్ళు దిగాయి. అంతటితో ఆగలేదు. మూతి అంచు సొట్టపోయిందని అరంగుళం కోసి నున్నగా చేసిచ్చారు. చూట్టానికి బాగానే ఉంది, పేలిస్తే గుండ్లన్నీ ఎడమకే పోయాయి!

తప్పెక్కడో చెప్పింది మిల్లులో టర్నరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. మన ఊరికి లేత్‌పని తెలిసినవాళ్ళు ఇంతమంది ఉండడానికి మిల్లులే కారణమని మేమనుకుంటాం. పి.ఎ.సి. రామసామి రాజా గారు 1936లో రాజపాళయం మిల్స్ పెట్టారు. కదురు వెంట్రుకవాసి ఊగినా నూలు తెగుతుంది, ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళకి గొట్టం సంగతి వేరే చెప్పక్కర్లేదు. గొట్టం బయటి గుండ్రం, లోపలి 4.5 మిల్లీమీటర్ల రంధ్రం ఒకే కేంద్రం మీద ఉంటాయని నమ్మకూడదన్నారాయన. బయట పట్టుకుని కోస్తే మూతి రంధ్రానికి వాలుగా తెగుతుంది. గుండు బయటపడే క్షణంలో దాని వెనక గాలి ఒక పక్క ముందు తప్పించుకుని గుండుని పక్కకి తోస్తుంది.

ఆయన నాలుగు దవడల చక్‌లో గొట్టం బిగించి, రంధ్రంలో సరిపడే కడ్డీ దూర్చి, డయల్ గేజి ముల్లు కదలకుండా అయ్యేదాకా దవడలు సర్దారు. ఆ సర్దడానికే ఒక పూట పట్టింది. కోత మాత్రం పది నిమిషాలు. మళ్ళీ కొంచెం పొడవు పోయింది, ముందు గురి వెనక్కి జరిపారు. రెంచి గాట్లు అలాగే ఉంచమన్నాం, వాటిని తీయాలంటే గొట్టం ఇంకా సన్నబడుతుంది.

ఇప్పుడు దాంతో కొట్టేది కాగితాన్నే. 1972 వన్యప్రాణి చట్టం వచ్చింది, 1988లో పక్కనే శ్రీవిల్లిపుత్తూరు అడవిని బూడిదరంగు పెద్ద ఉడతల కోసం అభయారణ్యం చేశారు. పిట్టల మీదికి గురిపెట్టే రోజులు పోయాయి, పోనీ మంచిదే.

గొట్టం పొట్టిదైతే మీటా పొట్టిదే. వంచడానికి బలం ఎక్కువ కావాలి. మా పెదనాన్నగారు వెనకటిలా ఒంటిచేత్తో వంచబోయి కుదరక, మనవరాలి చేయి కూడా వేయించుకున్నారు.