సిరా కలం చెప్పే కథ



మీ ఇంట పాత పెట్టెలో సిరా కలమొకటి ఉంటే ఒకసారి బయటికి తీయండి. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని ఈ కథ చెప్పండి.

పూర్వం మన పెద్దలు తాటాకుపై ఇనుప గంటంతో అక్షరాలు గీసి, అవి కనబడేందుకు పైన మసి పూసేవారు. కాగితం వచ్చాక రెల్లు కలం, ఈక కలం, లోహపు పాళీ వాడుకలోకి వచ్చాయి. వీటన్నిటికీ ఒకటే చిక్కు. కొన్ని మాటలు రాయగానే పాళీని మళ్ళీ సిరాబుడ్డిలో ముంచవలసిందే.

సిరాను కలంలోనే నింపుకొనే ఉపాయం కోసం ఎందరో శ్రమించారు. పారిస్‌లో చదువుకొంటున్న రుమేనియా విద్యార్థి పెట్రాకె పొయెనారు 1827లో అటువంటి కలానికి ఫ్రాన్స్‌లో పేటెంటు పొందాడు. అయినా ఆనాటి కలాలలో సిరా ఒకప్పుడు కారిపోయేది, ఒకప్పుడు కదలక నిలిచిపోయేది. 1884లో అమెరికాలో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు పొందిన కలం ఈ చిక్కును చాలవరకు తీర్చింది. పాళీ కింద నాలుకవంటి భాగంలో సన్నని కాలువలుంటాయి. వాటి వెంట సిరా దిగుతూ ఉంటే, ఖాళీ అయినచోటికి గాలి చేరుతుంది. ఈ రెండూ సమంగా సాగితేనే రాత నిలకడగా సాగుతుంది.

ఇక మన గోదావరి తీరానికి వద్దాం. స్వదేశీ వస్తువులు తయారు చేయమన్న గాంధీజీ మాటతో ప్రేరణ పొందిన కోసూరి వెంకటరత్నం, రాజమహేంద్రవరంలో 1932లో కలాల తయారీ చేపట్టారు. గంధకంతో గట్టిపరచిన రబ్బరును ఎబొనైటు అంటారు. ఆ కడ్డీలను లేత్‌పై తిప్పి, చేతిపనితో కలాలుగా మలిచారు. ఆయన కలమొకటి గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన జె.సి. కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది. దానితో రాసి చూసిన గాంధీజీ, విదేశీ కలాలకు ఇది మంచి ప్రత్యామ్నాయమని 1935లో ఉత్తరం రాశారు. ‘రత్నం పెన్ను’ కీర్తి అలా మొదలయింది.

1938లో లాస్లో బీరో పేటెంటు పొందిన బాల్ పెన్ను తరువాతి కాలంలో చౌకగా దొరికి, బడిసంచులన్నిటా చేరింది. అయినా సిరా కలం కనుమరుగు కాలేదు. ఎందుకంటారా? పాళీ అరిగితే మార్చుకోవచ్చు, సిరా అయిపోతే నింపుకోవచ్చు. పారవేయనక్కర లేదు. పైగా దానిని నొక్కి రాయనక్కర లేదు. కాగితాన్ని తాకితే చాలు, సిరా దిగుతుంది.

కలం మారినంతనే దస్తూరి మారదు, నిజమే. కాని మన పిల్లల సంగతి తలచుకోండి. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో, దానితోపాటు ఇంగ్లీషూ రాసి అలసిన చేతితో వారు తెలుగుకు వస్తారు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అన్నీ వంపులే. తొందరపడితే వంపు చెడుతుంది, ఒక అక్షరం మరొకటిగా కనబడుతుంది. సిరా కలం చేతిని కాస్త నిదానింపజేస్తుంది. ఆ నిదానమే వారికి కావలసినది.

కనుక ఈ సెలవులలో ఒక పని చేయించండి. అమ్మమ్మకో తాతయ్యకో పిల్లలచేత సిరా కలంతో తెలుగులో ఒక్క ఉత్తరం రాయించండి. వేళ్ళకు సిరా అంటితే కోప్పడకండి. కడిగితే పోయే మరక అది. రాయక మరచిన అక్షరం మాత్రం అంత సులువుగా తిరిగి రాదు.