ఊరికి కబురు ఎలా వచ్చేది?

విత్తనాల మాట, ఎరువుల మాట ఈ పూటకు పక్కన పెడదాం. మన తాతల తాతల నాడు, అంటే 1800 మొదలు 1900 దాకా, కోస్తా జిల్లాల పల్లెల్లో ఇంటి కబుర్లూ, ఇరుగుపొరుగు వ్యవహారాలూ ఎలా నడిచేవో కాసేపు చెప్పుకుందాం.

ఒక ఇంట్లో పెద్దాయన పోయాడనుకోండి. కూతురి అత్తవారి వూరు పది కోసుల దూరం. కబురు ఎలా వెళ్ళాలి? మనిషి నడిచి వెళ్ళాలి. ఆ మనిషి చాలా చోట్ల వూరి వెట్టివాడు, లేకపోతే ఇంటి చాకలి. ఎండనక వాననక నడిచిపోయి, గడప బయటే నిలబడి, చెప్పవలసిన మాట చెప్పి, పెట్టింది తిని తిరిగి వచ్చేవాడు. దీనికి నెల జీతమంటూ లేదు. నూర్పిళ్ళప్పుడు కళ్ళంలో కొలిచి పోసే మేర గింజలే అతని జీతం. పంట పోతే మేర పోయేది. నడక మాత్రం తప్పేది కాదు. వూరందరి కబురూ మోసినవాడి ఇంట్లో చావు వస్తే, ఆ కబురు మోయడానికి మరొకడు లేడు. వాళ్ళ మనుషులే బయలుదేరాలి.

మరి రాతకోతల సంగతేమిటంటారా? కరణంగారి దగ్గర కవిలె కట్ట వుండేది. ఏ చేను ఎవరిది, శిస్తు ఎంత, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఇవన్నీ అందులో వుండేవి. కర్నల్ మెకంజీ దొర 1821లో చనిపోయేలోపల కావలి సోదరుల సాయంతో ఇటువంటి గ్రామ వృత్తాంతాలు చాలా పోగుచేయించాడు. వాటినే కైఫీయతులంటాం. చదివితే వూరి పుట్టుక తెలుస్తుంది. కాని ఏ ఇంట ఆడపిల్ల పుట్టిందీ, ఏ పాలేరు బిడ్డ పోయిందీ వెతికితే దొరకడం కష్టం. శిస్తు కట్టే చేతికే రాతలో చోటు.

అందుచేత జనం వయస్సుల్ని ఆపదలతో లెక్కపెట్టుకునేవారు. నందన సంవత్సరంలో, అంటే 1832-33లో, గుంటూరు సీమలో వచ్చిన కరువు అలాంటి గుర్తు. డొక్కలు బయటపడ్డ మనుషుల్ని చూసి దాన్ని డొక్కల కరువన్నారు. జిల్లా జనాభా సుమారు 5 లక్షలైతే, లక్షన్నర నుంచి 2 లక్షల దాకా పోయారని లెక్క. తిండికోసం మద్రాసు దారి పట్టినవారు దారిలోనే కూలిపోయారు. అలా పోయినవారి కబురు ఇంటికి తెచ్చేదెవరు? తీసుకునేందుకు ఇంట్లో వున్నదెవరు? ఇన్ని లక్షలని అంకె మిగిలింది కాని, పేర్లు మిగలలేదు. రక్తాక్షి సంవత్సరంలో, 1864 నవంబరు 1 రాత్రి, బందరు ఉప్పెన సుమారు 30 వేల మందిని మింగింది. ఆ తరువాత చాలాకాలం ఆ తీరంలో వయస్సు అడిగితే 'ఉప్పెనకు ముందా, వెనకా' అన్నదే లెక్క.

ఇక ఇరుగుపొరుగు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక పంటలు పెరిగాయి; నీటి వంతు తగవులూ పెరిగాయి. పెద్దమనుషులు రచ్చబండ దగ్గర సర్దిచెప్పేవారు. 1816 నాటి శాసనం ప్రకారం గ్రామ మునసబు 10 రూపాయల లోపు రొక్కం, సామాను దావాలు విచారించవచ్చు. భూమి దావా అతని చేతిలో లేదు. అంటే చెంబు కోసం తగవు వూళ్ళో తీరేది, గట్టు కోసం తగవు మాత్రం పైకోర్టుకు ఎక్కేది! చెంబు సంగతి ఎవరిక్కావాలండీ, రైతుకు ప్రాణం గట్టు మీదే కదా. ఆ 10 రూపాయల హద్దును 20 చేసింది 1889లో.

పశువు పక్క చేలో పడితే బందెలదొడ్డి. 1857లోనూ, మళ్ళీ 1871లోనూ దీనికి చట్టాలు చేశారు. దొడ్డికి తోలిన ఎద్దును రుసుము కట్టి విడిపించుకోవాలి. దున్నే రోజుల్లో ఎద్దు దొడ్డిలో పడితే, రెండిళ్ళ మధ్య మాటలు ఎన్నాళ్ళు ఆగిపోయేవో మీకు నేను చెప్పనక్కరలేదు.

తరువాత తపాలా వచ్చింది. 1854లో అర్ధణాకు దేశంలో ఎక్కడికైనా ఉత్తరం, 1879లో కానీకి కార్డు. కార్డుకు కవరు లేదు, ఇంట్లో చదువూ లేదు. బడిపంతులుగారు అరుగుమీద బిగ్గరగా చదివితే కోడలి కష్టం వీధంతా వినేది. 1880 నుంచి తపాలా ద్వారా మనియార్డరు. రంగూను మిల్లుల్లో, రేవుల్లో కూలికి వెళ్ళిన కొడుకు పంపిన డబ్బుతోపాటు చిన్న కూపనుమీద నాలుగు మాటలు వచ్చేవి. వానలు పడ్డాయా, అప్పు తీరిందా, ఆవు ఈనిందా, ఇంతే. ఆ నాలుగు మాటలకోసం తల్లి నెలల తరబడి గుమ్మంలో కూర్చునేది.

జనన మరణాలు రాయించడానికి మద్రాసు రాజధానిలో 1899లో చట్టం వచ్చింది. ఆ రిజిస్టర్లు రాసే కరణీకం, మునసబీ 1984లో మన రాష్ట్రంలో రద్దయ్యాయి. గ్రామాల్లో పనిచేసే సోదరులు పాత కుటుంబాల సంగతులు రాసుకునేటప్పుడు ముసలమ్మల్ని ముందు అడగండి, పెట్టె తరువాత తెరిపించండి. పెట్టె అడుగున పసుపు పూసిన శుభలేఖలు దొరుకుతాయి, మనియార్డరు కూపన్లు దొరుకుతాయి. చావు కబురు తెచ్చిన కార్డు ఒక్కటీ దొరకదు. అది ఇంట్లో వుండకూడదని చదివిన వెంటనే చించి పారేసేవారు.