ముఖములను తిరిగి నిలిపిన సైనిక దంతవైద్యుడు

గెత్సేమనే తోటలో ప్రధాన యాజకుని దాసుని చెవి కత్తివేటుకు తెగిన సంగతి నాలుగు సువార్తలలోనూ ఉన్నది. ఆ దాసుని పేరు మల్కు అని యోహాను ఒక్కడే చెప్పాడు. ప్రభువు ఆ చెవిని ముట్టి బాగుచేసెనని లూకా ఒక్కడే వ్రాశాడు. సిలువకు ముందు మన ప్రభువు చేసిన ఆఖరి స్వస్థత ఇదే. ఆయుధము వలన కలిగిన గాయానికి, అదీ తలమీది గాయానికి, అదీ తనను పట్టుకొనవచ్చిన వానికి ఆయన ఈ స్వస్థతనిచ్చాడు. సంఘ వైద్య పరిచర్యను గూర్చి వ్రాసేటప్పుడు మనము ప్రసూతి ఆసుపత్రులను, కుష్ఠురోగుల చికిత్సా కేంద్రాలను తలచుకొంటాము. పండ్ల డాక్టరును ఎవరూ తలచుకోరు. కనుక ఈ శతజయంతి సంచికలో అటువంటి ఒక వైద్యుని చరిత్రను చదువరుల ముందుంచుతున్నాను.

ఆయన పేరు వరజ్‌తాద్ కజంజియన్. క్రీ.శ. 301లో క్రైస్తవ మతాన్ని రాజ్య మతముగా స్వీకరించిందని చెప్పబడే ఆర్మీనియా జాతివారు. ఆ జాతి మనకు బొత్తిగా క్రొత్తది కాదు. మద్రాసులో ఆర్మీనియన్ వీధి, అందులో 1772లో కట్టిన వారి దేవాలయము నేటికీ ఉన్నవి. ప్రపంచములోనే మొట్టమొదటి ఆర్మీనియన్ పత్రిక 1794లో వెలువడినది కూడా ఆ మద్రాసులోనే.

కజంజియన్ 1879లో తుర్కుల ఏలుబడిలోని ఎర్జింజాన్ అనే ఊరిలో జన్మించారు. రాగి కాగులు చేసేవారి వంశమని ఆ ఇంటిపేరుకు అర్థము. తన జాతిపై హింసలు చెలరేగిన 1895లో, పదహారేండ్ల ప్రాయమున, ఆయన అమెరికాలోని వూస్టర్ పట్టణము చేరి తీగలు తీసే కర్మాగారములో కూలిపనిలో కుదిరారు. పగలు తీగలతో పని, రాత్రి చదువు. ఏ తీగ ఎంత వంగుతుందో, ఎంత బిగిస్తే తెగుతుందో ఆ వ్రేళ్లకు అక్కడే తెలిసివచ్చినది. తరువాత హార్వర్డు దంతవైద్య కళాశాలలో చేరి 1905లో పట్టము పొంది, అక్కడే బోధకులయ్యారు.

ఇక్కడ ఆయన పనిని కొంచెము వివరించాలి. మా కార్వేటినగరము పరిసరాలవారికి ఎముక విరిగితే మొదట గుర్తుకు వచ్చేది పుత్తూరు కట్టు. ఆకుపసరు, గ్రుడ్డులోని తెల్లసొన పట్టించి, వెదురు దబ్బలు పెట్టి, గుడ్డ చుట్టి, ఎముకను కదలకుండ నిలుపుతారు. చేతికి, కాలికి అది సాధ్యము. క్రింది దవడకు దబ్బలు ఎక్కడ కట్టగలము? అది మాటకు, మ్రింగుటకు, ఆవలింతకు కూడా కదులుతుంది. పండ్లనే దబ్బలుగా వాడుకొనుట ఆయన పద్ధతి. పై పండ్లకు, క్రింది పండ్లకు సన్నని తీగలు చుట్టి, రెండు వరుసలు సరిగా కలిసేటట్లు కూర్చి, మెలివేసి బిగించేవారు. పండ్లు సరిగా కలిసినవంటే దవడ సరిగా నిలిచినదని అర్థము. అతుకుకొనేవరకు రోగికి ద్రవాహారమే. కూలివాని తీగ ఇట్లు వైద్యుని తీగ అయినది.

1914 ఆగస్టులో బ్రిటిషు సైన్యము ఫ్రాన్సుకు వెళ్లినప్పుడు దాని వెంట ఒక్క దంతవైద్యుడు కూడ లేడు. సేనాని హేగ్‌కు పంటినొప్పి వస్తే పారిస్ నుండి వైద్యుని పిలిపించవలసి వచ్చినది. అంతకంటె ఘోరమైన అవసరము త్వరలోనే కనబడినది. కందకాల యుద్ధములో శరీరమంతా మట్టిగోడ చాటున ఉంటుంది, తల మాత్రము పైకి లేస్తుంది. అందువలన దవడలు, ముక్కులు, బుగ్గలు ఎగిరిపోయిన సైనికులు వేలకొలదిగా ఆసుపత్రులకు వచ్చారు. దవడ పోయినవానిని వెల్లకిల పండబెడితే నాలుక వెనుకకు జారి ఊపిరాడక చనిపోతాడన్న సంగతి కూడ అనుభవముమీదనే తెలిసినది.

1915లో హార్వర్డు వైద్య బృందముతో కజంజియన్ ఫ్రాన్సు సముద్రతీరములోని కామియే చేరారు. మొదట అనుకొన్న గడువు మూడు నెలలే. ఆయన పని చూచిన బ్రిటిషు అధికారులు ఆయనను వదలలేదు. 1919 వరకు అక్కడే ఉండి మూడువేలకు పైగా ముఖగాయాలకు చికిత్స చేశారు. గాయపు అంచులను తొందరపడి లాగి కుట్టివేస్తే లోపల ఎముక లేనందున ముఖము కుంగిపోతుంది. కనుక ఆయన మొదట మిగిలిన ఎముక తునకలను తమ స్థానములో నిలిపి, పోయినచోట గట్టి రబ్బరుతో చేసిన ఆధారము అమర్చి, ఆ తరువాతనే చర్మమును సరిచేసేవారు. పునాది లేనిదే గోడ నిలువదు గదా!

ఆ 1915 వేసవిలోనే ఆయన జన్మస్థలమైన ఎర్జింజాన్‌లోని ఆర్మీనియన్లు ఇండ్లనుండి వెళ్లగొట్టబడ్డారు. యూఫ్రటీసు నది లోయలో వేలమంది హతులయ్యారు. స్వంత ఊరు నాశనమగుచున్న కాలములో ఆయన చేతులు పరాయివారి బిడ్డల ముఖాలను కట్టుచుండినవి. దీనికంటె వేరే ప్రసంగము అవసరము లేదు.

ముఖము పోయిన సైనికునికి ప్రాణము దక్కినా ఇల్లు దక్కేదా? కన్నబిడ్డలు తనను చూచి జడుసుకొంటారేమోనన్న భయము వారిని క్రుంగదీసేది. ఇంగ్లండులోని సిడ్‌కప్ ఆసుపత్రి దారిలో కొన్ని బెంచీలకు నీలిరంగు వేశారు. వాటిమీద కూర్చున్నవారి ముఖము చూచి ఉలిక్కిపడవద్దని ఊరివారికి అది గుర్తు. భార్యాబిడ్డలతో కూర్చుండి భోజనము చేయగల నోరు, ముద్దుపెట్టుకొనగల పెదవి తిరిగి ఇచ్చుట అంటే తండ్రిని ఆ కుటుంబానికి తిరిగి ఇచ్చుటయే. దంతవైద్యములోని ఈ ఘనతను మనము గుర్తించాలి.

అయిదవ జార్జి చక్రవర్తి ఆయనను బిరుదుతో సత్కరించారు. గౌరవ మేజరుగా తిరిగి వెళ్లిన ఆ ఆచార్యుడు మరల విద్యార్థుల బల్లమీద కూర్చుండి, 1921లో, నలభైరెండేండ్ల వయసులో, వైద్య పట్టము పొందారు. 1931లో కాన్సరుతో నోరు దెబ్బతిన్న సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు కృత్రిమ అంగిలి చేసిచ్చారు. 1941లో హార్వర్డు వైద్య కళాశాలలో ప్లాస్టిక్ సర్జరీకి మొదటి ప్రొఫెసర్ అయ్యారు. 1974లో, తొంబదియైదు సంవత్సరముల నిండు జీవితము గడిపి కన్నుమూశారు.

మన దేశములో డాక్టరు ఆర్. అహ్మద్ 1920లో కలకత్తాలో మొదటి దంతవైద్య కళాశాల స్థాపించారు. సైన్యములో ప్రత్యేక దంతవైద్య శాఖ 1941 ఫిబ్రవరి 4న ఏర్పడినది. మనకు దగ్గరలోని వెల్లూరులో, 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠువలన వంకరపోయిన చేతులను చక్కదిద్దుటే గాక, కుంగిన ముక్కులను, రాలిపోయిన కనుబొమలను కూడ తిరిగి నిలిపారు. చేతులు బాగైనా ముఖముమీది గుర్తు పోనిదే ఊరు వారిని చేర్చుకొనదని ఆయన కనుగొన్నారు.

సంఘమునకు వచ్చే ప్రశ్న ఇదే. కాలిన ముఖముతోనో, గ్రహణపు మొర్రితోనో, రోగపు మచ్చలతోనో వచ్చే సహోదరుడు మన ఆరాధనలో ఎక్కడ కూర్చుంటున్నాడు? ద్వారము దగ్గర చివరి చాపమీద అయితే, మనము కూడ నీలి బెంచీ వేసినవారమే. తీగ మెలివేసే నేర్పు అందరికీ ఉండదు. ముఖము త్రిప్పుకొనకుండ ఎదుట కూర్చుండి పలుకరించుట అందరికీ సాధ్యమే. రెండవ నూరేండ్లలోనికి అడుగిడుచున్న మన సంఘములు ఈ పనిని వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చును.