క్లచ్ మీద కాలు

మా నాన్న క్లచ్ ప్లేటు చేతికి రాగానే ముందు వాసన చూసేవాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఆయనకు లైనింగ్ షాపు ఉండేది. ఇప్పుడు క్లచ్ పోయిందంటే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి అట్టపెట్టెలో సెట్టుగా వచ్చేస్తున్నాయి. అప్పట్లో ప్లేటును పారెయ్యడమనేది లేదు. రివెట్లు ఊడగొట్టి, అరిగిన లైనింగు తీసి, కొత్తది పరిచి మళ్లీ రివెట్లు కొట్టి ఇచ్చేవారు. ఆ లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని పొడి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో షాపులో ఎవరికీ తెలీదు. ముక్కుకు తువ్వాలు కట్టుకోవడమే వాళ్లకు తెలిసిన జాగ్రత్త.

బండి గురించి ఒక్క ప్రశ్న అడక్కుండానే నాన్న డ్రైవరు సంగతి చెప్పేసేవాడు. లైనింగు చుట్టూ ఒకేలా అరిగి రివెట్ల దాకా వచ్చిందంటే ప్లేటుకు వయసైపోయింది, డ్రైవరు మంచోడు. లైనింగు గాజులా నున్నగా నల్లబడి, ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలు తేలితే హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే రకం. ప్లేటు ఇంకా తిరిగేలా ఉండి బేరింగు ఒక్కటే అరిగిపోతే మాత్రం, “వీడు గేటు దగ్గర కాలు తియ్యడమ్మా” అనేవాడు. గేటంటే రైలు గేటు. మా ఊళ్లల్లో బండి ఆగడమనే విద్య సిగ్నల్ దగ్గర మొదలు కాలేదు. గూడ్సు పోయాక ప్యాసింజరు, ప్యాసింజరు పోయాక ఇంకో గూడ్సు. తెలిసిన డ్రైవరు ఇంజను ఆపేసి దిగి బీడీ వెలిగించుకునేవాడు. తెలియనివాడు గేరులోనే ఉంచి, క్లచ్ అడుగుదాకా తొక్కి, గేటు ఎప్పుడెత్తుతారా అని కూర్చునేవాడు.

అలా తొక్కి కూర్చుంటే ప్లేటుకేమీ కాదు. అది ఫ్లైవీల్‌కు దూరంగా ఖాళీగా ఉంటుంది. భారమంతా రిలీజ్ బేరింగు మీద, స్ప్రింగుల మీద పడుతుంది. సగం తొక్కితే ప్లేటు రాసుకుని కాలుతుంది. న్యూట్రల్ చేసి కాలు తీసేస్తే ఎవరికీ బాధ లేదు. ఈ మూడింట్లో ఏది పద్ధతి అని మా ఇంట్లో ఇప్పటికీ తగువే. న్యూట్రల్ నాది, ఫస్ట్ గేరు మా ఆయనది. ఇద్దరం దాన్ని క్రమశిక్షణ అనే అనుకుంటాం. నాకేమో ఈ మధ్య, ఎవరి కాలికి ఏ బండి అలవాటు చేసిందో ఆ బండే మాలో మాట్లాడుతోందనిపిస్తోంది.

మొదట కార్లు చేసినవాళ్లకు సిగ్నల్ అన్న ఊహే లేదు. 1886లో బెంజ్ చేసిన మూడు చక్రాల బండిలో బెల్టు ఉండేది. ఆగాలంటే బెల్టును ఖాళీగా తిరిగే పుల్లీ మీదికి జరపడమే. న్యూట్రల్, క్లచ్ రెండూ అదే. 1891లో ఫ్రాన్సులో పనార్ లెవస్సోర్ వాళ్లు ఇంజను ముందు, దాని వెనక క్లచ్, ఆ వెనక గేరుబాక్సు పెట్టారు. ఆ తరం క్లచ్ చాలావరకు కోను ఆకారంలో, తోలు తొడిగి ఉండేది. తోలు ఎండితే బండి ఎగిరి దూకేది. అందుకని ఆముదమో, పశువుల కాళ్ల నుంచి తీసిన నూనో పూసి మెత్తబరిచేవారు. ఇంజనాయిలు పడి జారితే ముల్తానీ మట్టి చల్లేవారు. పైగా స్ప్రింగు గట్టిది, ఎక్కువసేపు తొక్కిపట్టడం ఎవరి కాలికీ ఇష్టమైన పని కాదు.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి. ఎడమ పెడలు అడుగుదాకా తొక్కితే చిన్న గేరు, పూర్తిగా వదిలితే పెద్ద గేరు, సరిగ్గా మధ్యలో న్యూట్రల్. ఆ మధ్య చోటును కాలితో పట్టుకుని కూర్చోనక్కర్లేకుండా పక్కన ఒక చేతిలీవరు పెట్టారు. దాన్ని నిటారుగా నిలబెడితే న్యూట్రల్, ఇంకా వెనక్కి లాగితే వెనక చక్రాలకు బ్రేకు. హ్యాండ్‌బ్రేకూ న్యూట్రలూ ఒకే కర్రలో! ఆగినప్పుడు ఏం చెయ్యాలన్న తగువుకు ఆ బండిలో తావే లేదు. అమెరికాలోనే క్లీవ్‌లాండ్‌లో 1914 ఆగస్టు 5న కరెంటు సిగ్నల్ వెలిగేనాటికి ఆ బండ్లు వీధుల నిండా ఉన్నాయి. 1927లో దాని తయారీ ఆపేసేసరికి కోటిన్నర బండ్లు బయటికొచ్చాయి. ఆ కర్ర మాత్రం తర్వాతి కార్లలోకి రాలేదు, ఎందుకు వదిలేశారా అని నాకు దిగులు.

ఆ తర్వాతి కథ గేర్ల పళ్లది. పళ్లు రెండూ ఒకే వేగంలో ఉంటే తప్ప కలవవు, కలపబోతే గర్రుమంటాయి. 1928లో కాడిలాక్ సింక్రోమెష్ తెచ్చి ఆ బాధ తీర్చింది గానీ, చాలా బండ్లలో అది చాలాకాలం పైగేర్లకే ఉండేది. లారీలకైతే ఇంకా ఆలస్యం. 1954లో జంషెడ్‌పూర్ నుంచి టాటా మెర్సిడెస్ లారీలు రావడం మొదలయ్యాక మన డ్రైవర్లకు అన్నం పెట్టిన విద్య డబుల్ క్లచ్. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, వదలాలి, మళ్లీ తొక్కి గేరు వెయ్యాలి. గేరు మార్చిన ప్రతిసారీ న్యూట్రల్‌లో కాలు పైకి లేచేది. గేటు దగ్గర కాలు తీసేసే లారీ డ్రైవర్లు ఎక్కువ కావడానికి ఆ అలవాటూ ఒక కారణమని నా అనుమానం.

ఇక అంబాసిడర్. 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులోంచి దిగి, 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన బండి. మా షాపుకు అన్నం పెట్టిన బండి కూడా. పాత అంబాసిడర్లలో ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ లేదు. బండి పూర్తిగా ఆగితేనే ఫస్టు పడేది. న్యూట్రల్ నుంచి వెయ్యాలన్నా క్లచ్ తొక్కి ఒక క్షణం ఆగాలి. లేదా లీవరును ముందు సెకండుకు తాకించి, లోపల షాఫ్టు నిలిచాక ఫస్టుకు తేవాలి. ఈ చిట్కాను టాక్సీ డ్రైవర్లు కుర్రాళ్లకు మంత్రం చెప్పినట్టు చెప్పేవారు. ఆ బండిలో రిలీజ్ బేరింగుకు గోళీలుండవు. ఇనుప గిన్నెలో కూర్చోబెట్టిన నల్లటి కార్బన్ ఉంగరం, అంతే. తొక్కినంతసేపూ అది రాసుకుంటూనే ఉంటుంది, రాసుకున్నంతసేపూ అరుగుతుంది. ఆ బేరింగు మార్చాలంటే గేరుబాక్సు దించాల్సిందే. ఓనరు తిట్లన్నీ అక్కడే మొదలయ్యేవి. “ఆగితే న్యూట్రల్, కాలు కింద” అన్న మాట పుట్టింది ఏ డ్రైవింగ్ పుస్తకంలోనో కాదు, ఆ కార్బన్ ముక్క దగ్గరే అని నాన్న నమ్మకం. నాదీ అదే.

ఎత్తు మీద లెక్క వేరు. తిరుమలకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడింది. 1974లో రెండోది వచ్చేదాకా ఎక్కే బండ్లకూ దిగే బండ్లకూ అదొక్కటే దారి. ఎదురుగా బస్సు వస్తే మలుపులో ఆగాలి. చేతిబ్రేకు మీద నమ్మకం లేని డ్రైవరు క్లచ్, యాక్సిలేటరు రెండూ సగం సగం తొక్కి బండిని గాల్లో వేలాడదీసినట్టు నిలబెట్టేవాడు. కాళ్ల పనితనం చూసి వెనక సీట్లో జనం మెచ్చుకునేవారు. తర్వాత ఆ ప్లేటు మా షాపుకొచ్చేది. కాలిన లైనింగు వాసన ఒకసారి ముక్కుకెక్కితే మరిచిపోలేం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ నిబంధన లైసెన్సు పరీక్షకు ఏం చేసి చూపించాలో చెబుతుంది. నిటారు ఎత్తులో బండి ఆపి, హ్యాండ్‌బ్రేకుతో గానీ, యాక్సిలేటరు, కాలిబ్రేకులతో గానీ వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలట. హాఫ్ క్లచ్ మీద వేలాడదీయడం గురించి అందులో ముక్క లేదు. చదివినప్పుడు నాన్నకు వినిపించాను, మహా సంతోషించాడు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఈ లెక్కలన్నీ తారుమారయ్యాయి. ఫస్టుతో సహా ముందుకెళ్లే గేర్లన్నిటికీ సింక్రోమెష్. పెడలు ఎంత తేలికంటే, కాలు దాని మీద ఉన్న సంగతే గుర్తుండదు. బేరింగు గోళీలది. ఆ బండి మీద నేర్చుకున్నవాడు ఫస్టులో క్లచ్ తొక్కి కూర్చున్నా బిల్లు వెంటనే చేతికి రాదు. మా ఆయన ఆ తరంవాడు. నేను పదేపదే చెప్పే బేరింగు భయం ఆయనకు మూఢనమ్మకంలా వినిపించడంలో వింత లేదు. నిజం చెప్పాలంటే ఆయన వాదనలో బలం ఉంది కూడా. వరసలో చివరి బండి మనదైతే, వెనక ఇంకో బండి వచ్చి ఆగేదాకా అద్దంలో చూస్తూ ఫస్టులో ఉండటమే మంచిది, ఎవడైనా ఆపలేక దూసుకొస్తే పక్కకు తప్పుకోవచ్చు. వెనక బండి ఆగాక మాత్రం కాలు తియ్యాలి. అక్కడ నేను తగ్గను.

కొత్త యంత్రాలు చెరోవైపు చేరాయి. 2015లో మారుతి సియాజ్ డీజిల్‌లో వచ్చిన ఎస్‌హెచ్‌వీఎస్ అనే ఏర్పాటు నా పక్షం. న్యూట్రల్ చేసి క్లచ్ మీంచి కాలు తీస్తేనే ఇంజను తనంతట తాను ఆగుతుంది, మళ్లీ క్లచ్ తొక్కితే లేస్తుంది. ఫస్టులో తొక్కి కూర్చునేవాడికి ఆ పొదుపు దక్కదు. మన దగ్గర 2014లో మారుతి సెలేరియోతో మొదలైన ఏఎంటీ, అంటే గేర్లు తనే మార్చుకునే గేరుబాక్సు, మా ఆయన పక్షం. క్లచ్ పెడలే లేదు, బ్రేకు వదలగానే బండి నెమ్మదిగా పాకుతుంది. పాకడమంటే లోపల హాఫ్ క్లచ్చే, తొక్కేది మనిషి కాకపోవడమే తేడా. ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలేటరుతో నిలబెడితే ఆ ప్లేటూ కాలుతుంది.

హైదరాబాద్‌లో సిగ్నల్ స్తంభాలకు ఇంకెన్ని సెకన్లు ఆగాలో చూపే అంకెలు పెట్టాక నా పక్షం కాస్త బలపడింది. అరవై కనిపిస్తుంటే ఫస్టులో కూర్చోవడానికి ఏ సాకూ లేదు. అయిదు పడ్డాక గేరు వేసినా బోలెడు టైము. మా ఇంటి దగ్గర చౌరస్తాలో మాత్రం ఆ అంకెలు తరచూ చెడిపోతాయి. అక్కడ మా ఆయన కాలు తియ్యడు.