హరిత ఇంధన కారిడార్

సౌర, పవన విద్యుత్తును గ్రిడ్‌కు చేర్చేందుకు భారతదేశం చేపట్టిన లైన్లు, సబ్‌స్టేషన్ల నిర్మాణ పథకం. సోలార్ ప్లాంటు ఏడాదిన్నరలో సిద్ధమైపోతుంది. దాని కరెంటును మోసుకెళ్లే పెద్ద లైనుకు మాత్రం అనుమతులు, పరిహారాలు తేలేసరికి తరచూ అంతకు రెట్టింపు కాలం పడుతుంది. ఈ పథకం పుట్టుకకు కారణం ఆ ఎడమే.

పవర్‌గ్రిడ్ సంస్థ 2012లో దీనికి రూపురేఖలు గీసింది. మరుసటి ఏడు జర్మనీ రుణసాయానికి ముందుకొచ్చింది. ఆంధ్రప్రదేశ్ సహా ఎనిమిది రాష్ట్రాల్లో 9,700 సర్క్యూట్ కిలోమీటర్ల లైన్లు వేయాలని 2015లో నిర్ణయించారు. అంచనా వ్యయం సుమారు 10,141 కోట్ల రూపాయలు. అందులో 40 శాతం కేంద్ర గ్రాంటు, 40 శాతం జర్మనీ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం, మిగిలింది రాష్ట్రాల వాటా. పథకంలో వేరే భాగమైన అంతర్రాష్ట్ర లైన్లు 2020 మార్చికల్లా పూర్తయ్యాయి. రాష్ట్రాల పనులకే గడువు మీద గడువు పెంచాల్సి వచ్చింది.

చిక్కంతా పొలాల్లోనే. టవర్ కోసం భూమిని సేకరించరు. అది రైతు పేరునే ఉంటుంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఇచ్చే అధికారంతో టవర్ నిలబెట్టి పరిహారం కడతారు. తీగల కింద వేరుశనగ వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు, కొబ్బరి పెంచకూడదు. టవర్ నాలుగు కాళ్ల మధ్య నేలకు దాని విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి గరిష్ఠంగా 15 శాతం ఇవ్వాలని కేంద్రం 2015లో సూచించింది. అది చాలదని రైతులు అడ్డం తిరగడంలో వింతేమీ లేదు. 2024 జూన్‌లో ఆ సూచనను 200, 30 శాతాలకు పెంచారు. దారిలో ఒక్క టవర్ ఆగితే, మిగతావన్నీ లేచినా, లైను ఛార్జ్ కాదు.

అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల్లో 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సోలార్ పార్కులాంటి చోట పెద్ద లైన్లు తప్పవు. తెలంగాణ ఎక్కువగా చిన్న ప్లాంట్లను ఊళ్ల సబ్‌స్టేషన్ల దగ్గరే కలుపుకుంటూ పోయింది. అంతగా పేరు రాకపోయినా తెలివైన దారి.

రాజస్థాన్, గుజరాత్‌లలో అడ్డంకి బట్టమేక పిట్ట. ఆంధ్రప్రదేశ్‌లోని రోళ్లపాడు అభయారణ్యం కూడా దాని కోసం పెట్టిందే. తీగలకు తగిలి ఈ పక్షులు చనిపోతున్నాయని, వీలైనచోట లైన్లను భూమిలో వేయమని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి, విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది.

రెండో దశకు 2022 జనవరిలో ఆమోదం లభించింది. ఏడు రాష్ట్రాలు, సుమారు 12,031 కోట్లు. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ జాబితాలో లేవు.